ఆయిల్ నిండుగానే ఉంది

ఎర్ర లైటు వెలిగింది. వెనకే బజర్ మొదలైంది.

అర్ధరాత్రి దాటింది. వాయుగుండం ముసురు. హెడ్‌లైట్ల వెలుగులో వాన ఏటవాలుగా కొడుతోంది. దూరంగా అన్నవరం కొండ మీద దీపాలు మసగ్గా కనిపిస్తున్నాయి. వెనక బాడీలో ఆకివీడులో ఎత్తిన శీలావతి, కట్ల, పైన ఐసు. తెల్లారేలోపు విశాఖ దాటాలి, అక్కణ్నించి హౌరా. డ్రైవరు స్టీరింగ్ ఎడమకి కోసి, రోడ్డు దిగి, ఇంజన్ ఆపేశాడు. “ఆయిల్ చూడరా!”

క్లీనర్ గోనెపట్టా నెత్తిన కప్పుకుని దూకాడు. గేజీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి లాగాడు. టార్చి వేసి ఒకసారి చూశాడు. నమ్మకం కుదరక మళ్లీ చూశాడు.

“అన్నా, ఆయిల్ నిండుగానే ఉంది.”

ఓనరుకి ఫోన్ వెళ్లింది. నిద్ర గొంతు కస్సుమంది. “ఆయిల్ ఉందిగా? మరింకేంటి? వానకి సెన్సార్ తడిసుంటది. వైరు పీకేసి లాగించు. ఐసు కరిగిందంటే సరుకు ఎవడు కొంటాడు?”

“అది కాదండీ...” అనేలోపే ఫోన్ కట్టయింది.

వైరు పీకలేదు డ్రైవరు. పావుగంట ఆగాడు, బీడీ కాల్చాడు, తాళం తిప్పాడు. లైటు ఆరిపోయింది! బజర్ లేదు. క్లీనర్ పళ్లు బయటపెట్టాడు. “తడే అన్నా, తడే.” బండి రోడ్డెక్కింది. మొదటి గేరు, రెండు, మూడు. తుని ఇంకెంతో దూరం లేదు.

నాలుగో గేరు పడగానే మళ్లీ వెలిగింది. ఈసారి బజర్‌తో పాటు ఇంజన్ అడుగు నుంచి ఇంకో చప్పుడు. టక్... టక్... టక్.

ముందు రోజు సాయంత్రం ఏం జరిగిందో ఆ ఇద్దరికీ తెలుసు. తెలిసినా దానికీ దీనికీ ముడిపెట్టలేదు. ఆకివీడు షెడ్డులో చాంబర్ కింద నల్లగా మడుగు కట్టింది. ఆయిల్ చాంబర్ ప్యాకింగ్ చిరిగింది. కొత్త ప్యాకింగ్ భీమవరం నుంచి రావాలి, పొద్దున్న కానీ రాదు. లోడు రెడీ. “సిలికాన్ పెట్టేద్దాం, ప్యాకింగ్ కన్నా గట్టిగా పట్టుకుంటది” అన్నాడు షెడ్డు మేస్త్రీ. కుర్రాడు పాత ప్యాకింగ్ గీకీ గీకనట్టు గీకాడు. నూనె గుడ్డతోనే అంచు తుడిచాడు. ట్యూబు మూతి కోసి, మళ్లీ కారితే మాట పడాల్సొస్తుందన్న భయంతో, చాంబర్ చుట్టూ వేలెడు మందాన, బోల్టు రంధ్రాల మీదుగా, మూలల్లో ఇంకో విడత, ట్యూబు చప్పబడేదాకా పిండి, షెడ్డంతా వెనిగర్ వాసన కొడుతుంటే చాంబర్ ఎత్తి బోల్టులన్నీ ఒక్కసారే బిగించేశాడు. బూడిద రంగు పేస్టు చుట్టూ బయటికి పొంగింది. దాన్ని వేలితో నున్నగా రాసి, “చూశారా, ఇంక చుక్క కారదు” అన్నాడు.

కారలేదు కూడా. సిద్ధాంతం వంతెన, జొన్నాడ వంతెన, రాజమండ్రి అన్నీ దాటినా చుక్క కారలేదు.

లోపలికెంత పొంగిందో ఎవరూ చూడలేదు.

డ్రైవరు మళ్లీ ఆపేసిన బండి దగ్గరికి తుని షెడ్డు నుంచి పెద్దమేస్త్రీ వచ్చేసరికి మూడు దాటింది. తడిసిన లుంగీ ఎగ్గట్టి బండి కింద పడుకున్నాడు. సెన్సార్ జోలికే పోలేదు. చాంబర్ అంచు వెంట వేలు నడిపాడు. వేలు ఆగింది. “దీన్ని ఈమధ్య ఎవరైనా విప్పారా?”

“నిన్న సాయంత్రం బాబాయ్. ప్యాకింగ్ దొరక్క పేస్టు పెట్టారు.”

“బయటికే ఇంతొస్తే లోపలికెంత పోయుంటదిరా! తాళం ముట్టుకోవద్దు. కట్టి లాక్కుపోదాం.”

ఇక్కడ కాస్త ఆగాలి. సిలికాన్ చెడ్డ సరుకు కాదు. 1969లో చందమామ మీద అడుగేసిన బూట్ల అడుగు సిలికాన్ రబ్బరే. ఇప్పటి చాలా ఇంజన్లకి కంపెనీలోనే చాంబర్‌కి ప్యాకింగ్ బదులు ఇదే పేస్టు పెడతారు, సన్నటి గీతలా, కొలిచినట్టు. గాలిలో తడి పీల్చుకుని గట్టిపడే గుణం దీనిది. పది నిమిషాల్లో పైన పొర కడుతుంది. లోపలిదాకా గట్టిపడాలంటే దాదాపు 24 గంటలు. వెనిగర్ వాసన కొట్టే రకం ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, ఆ యాసిడ్ సెన్సార్లకి పడదు. పెట్రోలు తగిలే చోటా, మంట ఒత్తిడి మీద పడే హెడ్డు ప్యాకింగ్ చోటా దీనికి పనేలేదు. నూనె జిడ్డు మీద అసలు అంటదు. అంటుకోనిది, వేడి నూనె కొట్టుకునే కొద్దీ ఊడొస్తుంది. ఊడిన ముక్క పోయేది ఒక్క చోటికే.

తెల్లవారింది. వేరే లారీ వచ్చి చేపల ట్రేలు ఎక్కించుకుపోయింది. షెడ్డు రేకుల మీద వాన దరువేస్తూనే ఉంది. ఆయిల్ డబ్బాల్లోకి దించారు. చివరి బోల్టు ఊడింది. చాంబర్ కిందికి దిగింది.

ఆయిల్ పంపు గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది. స్ట్రెయినర్. ఆ జల్లెడ కనిపించలేదు. దాని నిండా నానిన సేమ్యాలా బూడిద రంగు రబ్బరు పోగులు.

“అదీ సంగతి. చాంబర్ నిండా ఆయిల్ ఉంది, పంపుకి మాత్రం పీల్చుకోడానికి లేదు. బండి ఆపితే ముక్కలు వదులై కిందపడ్డాయి, లైటు ఆరింది. నడిపితే మళ్లీ వచ్చి అతుక్కున్నాయి” అన్నాడు పెద్దమేస్త్రీ. డ్రైవరు మాట్లాడలేదు. అతని చూపు క్రాంకు మీదే ఉంది. “అది పోయిందా బాబాయ్?”

జవాబు చెప్పకుండానే మేస్త్రీ బేరింగ్ క్యాప్ ఒకటి విప్పాడు. చిప్ప మీద గీతలు, గీతల్లో రాగి మెరుపు. రెండోది విప్పాడు. అదీ అంతే. వేలిగోరుతో క్రాంకు జర్నల్ మీద అడ్డంగా గీశాడు. గోరు ఎక్కడా పట్టలేదు.

“బతికింది. రెండోసారి లైటు వెలిగాక నువ్వు ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగించుంటే ఇది షాఫ్టు కాదు, ఇనప సామానే.”

కాకినాడ నుంచి బేరింగ్ చిప్పలు, అసలు ప్యాకింగ్ మధ్యాహ్నానికి వచ్చాయి. స్ట్రెయినర్ ఊడదీసి కడిగారు. అంచులు రెండూ గీకి, థిన్నర్‌తో కడిగి, పొడిగుడ్డతో ఆరతుడిచారు. మేస్త్రీ కూడా సిలికాన్ ట్యూబు తీశాడు! ప్యాకింగ్ అతుకుపడే నాలుగు మూలల్లో, పెసరగింజంత. అంతే. ట్యూబు మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. బోల్టులు ముందు చేత్తో, ఆనక ఎదురెదురుగా, చివర టార్క్ రెంచితో బిగించాడు. మర్నాడు అదే వేళదాకా ఇంజన్‌లో ఆయిల్ పొయ్యనివ్వలేదు. ఓనరు రెండుసార్లు ఫోన్ చేశాడు. మేస్త్రీ ఎత్తలేదు.

బేరింగులకీ, కొత్త ఆయిల్‌కీ, బండి లాక్కొచ్చినందుకూ, రెండో లారీ కిరాయికీ అయిన ఖర్చు ముందు ప్యాకింగ్ ఖరీదు చెప్పుకోడానికి కూడా చాలదు. మీ బండి చాంబర్ చుట్టూ పేస్టు పొంగి గట్టిపడి కనిపిస్తే, అది లారీ అయినా కారయినా, ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు చాంబర్ విప్పించండి. దగ్గరుండి స్ట్రెయినర్ చూపించమనండి. ఎర్ర లైటు వెలిగితే గేజీ నిండుగా చూపిస్తున్నా సరే, ఇంజన్ ఆపండి.