గుండె ముందా, ఊపిరి ముందా?

హైదరాబాద్‌లోని మూసారాంబాగ్ పేరులో ఒక ఫ్రెంచివాడు ఉన్నాడు. నిజాం అలీఖాన్ కొలువులో సేనలు నడిపిన రేమండ్. హిందువులు మూసారామ్ అని పిలుచుకున్నారు, ముస్లింలు మూసా రహీమ్ అన్నారు. 1798 మార్చి 25న, నలభై రెండేళ్లకే, హఠాత్తుగా చనిపోయాడు. విషం పెట్టారని కొందరు, తనే తీసుకున్నాడని కొందరు చెప్పుకున్నారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నల్లరాతి సమాధి ఇప్పటికీ ఉంది. ఒంట్లో ఏది ఆగి ఆయన ప్రాణం పోయిందో మాత్రం ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా ఆ రోజుల్లో లేదు.

ఆ గుట్టకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, మూసీ ఎగువన, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. తొంభై ఏళ్ల తర్వాత ప్రపంచ వైద్యులంతా తగువు పడుతున్న ఒక ప్రశ్నను ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు తలకెత్తుకున్నాడు. మత్తులో ఉన్న రోగి బల్ల మీదే చనిపోతే, ముందు ఆగింది గుండెనా? ఊపిరా?

తగువు ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఎడిన్‌బరో డాక్టరు సింప్సన్ 1847 నవంబరులో క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చాడు. కత్తి పడుతున్నా రోగికి నొప్పి తెలియకపోవడం అప్పటికి అద్భుతమే. మూడు నెలలైనా తిరగకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి వెళ్లి, క్లోరోఫాం పీల్చి ప్రాణం వదిలింది. గుండె ఆగిపోయిందని లండన్ పక్షం వాదించింది. ఎడిన్‌బరోలో సర్జన్ సైమ్ శిష్యులది ఇంకో మాట: నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి చూడండి, ఊపిరి సరిగా ఉంటే గుండె దాని పని అది చేసుకుంటుంది.

ఆ సైమ్ దగ్గర చదువుకున్నవాడే మన అఫ్జల్‌గంజ్ పెద్ద డాక్టరు ఎడ్వర్డ్ లారీ. 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, ఇక్కడి వైద్య పాఠశాల బాధ్యత కూడా తీసుకున్నాడు. ఆడపిల్లలకు ఆ బడి తలుపులు తెరిచింది ఆయన కాలంలోనే. అలా చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకుంటారు. మన ఊళ్లో ఆమె పేరు ఎంతమందికి తెలుసని అడిగితే నాకు బాధ కలుగుతుంది.

1888లో లారీ మొదటి క్లోరోఫాం కమిషన్ వేయించాడు. కుక్కల మీద ప్రయోగాలు జరిగాయి. ప్రతిసారీ ముందు ఊపిరే ఆగిందని తేల్చారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి, వచ్చి కళ్లారా చూడమనండి అన్నాడు. పేరున్న వైద్య శాస్త్రజ్ఞుడు లాడర్ బ్రంటన్ 1889 అక్టోబరులో ఓడ దిగి వచ్చాడు. లారీ, ఇంకా డాక్టర్లు బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీమ్ ఆయనతో కూర్చున్నారు. డిసెంబరు దాకా పని జరిగింది.

ఆ పని ఎలా ఉండేదంటే, జంతువు రక్తనాళంలోకి సన్నని గొట్టం పెట్టి, దాన్ని పాదరసం ఉన్న గాజు గొట్టానికి కలిపేవారు. గుండె కొట్టినప్పుడల్లా పాదరసం లేస్తుంది, దిగుతుంది. దాంతో పాటు కదిలే ముల్లు, తిరుగుతున్న డ్రమ్ము మీద గీత గీస్తుంది. రక్తపోటు తన కథ తానే రాసుకుంటుందన్నమాట. 490 జంతువులు వాడామని, 120 మీద ఈ గీతలు తీశామని బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు. ఆ మూగజీవాలను తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ప్రమాదమంతా ఊపిరి ఆగడంలోనే ఉంది, గుండెకు నేరుగా ముప్పు లేదన్నది తీర్పు. లాన్సెట్ మనిషే లారీ మాటను ఒప్పుకున్నాడు.

అందులో సగం నిజం. ఊపిరి పీల్చమని ఆజ్ఞ వచ్చేది మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యేచోట ఉన్న మెడుల్లా నుంచి. ఆ ఆజ్ఞ అందితేనే పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న డయాఫ్రం కిందికి దిగుతుంది, ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది. మత్తు ఎక్కువైతే ఆజ్ఞే ఆగిపోతుంది. గుండెది వేరే దారి. దాని విద్యుత్తు అదే పుట్టించుకుంటుంది కాబట్టి ఊపిరి ఆగాక కూడా కాసేపు కొట్టుకుంటుంది. ఆ కాసేపట్లో గాలి అందిస్తే మనిషి బతుకుతాడు. ఊపిరి మీద కన్నేయండి అన్న హైదరాబాద్ పాఠం అందుకే విలువైనది.

మిగతా సగంలో లారీ పొరబడ్డాడు. కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ 1893లోనే కాదన్నారు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ అసలు గుట్టు బయటపెట్టాడు. మత్తు చాలీచాలకుండా ఉన్నప్పుడే గుండెకు పెద్ద గండం. భయానికో నొప్పికో మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. క్లోరోఫాం తగిలిన గుండె ఆ అడ్రినలిన్‌ను తట్టుకోలేదు. లయ తప్పి గిలగిల వణుకుతుంది, రక్తం కదలదు, ఊపిరి ఇంకా ఆడుతుండగానే ప్రాణం పోతుంది.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నీట్‌కు చదివే పిల్లల పుస్తకాల్లో శ్వాస ఒక పాఠం, రక్తప్రసరణ ఒక పాఠం, గ్రంథులు ఇంకెక్కడో ఒక పాఠం. చదువుకు అలా విడదీయక తప్పదు. ఒంట్లో మాత్రం మూత్రపిండం పక్కనున్న గ్రంథి గుండెను ఆపగలదు, కడుపులోని అన్నం ఊపిరిని ఆపగలదు. గుండెనా ఊపిరా అని రెంటిలో ఒకదాన్ని ఎంచుకోమనడంలోనే నాటి పెద్దలు దారి తప్పారని నాకనిపిస్తుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచేసింది. తర్వాత అక్కడే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. క్లోరోఫాం వాడకం పోయింది. ఇప్పుడు రోగి వేలికి తగిలించిన క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది, తెర మీద గుండె గీత నడుస్తుంది, వదిలే గాలిని ఇంకో పరికరం కొలుస్తుంది. అన్నీ ఒకేసారి చూస్తారు.

కడుపులో అన్నం మాట ఊరికే అనలేదు. గొంతులో ఆహారానికీ గాలికీ దారులు పక్కపక్కనే ఉంటాయి. మింగేటప్పుడు ఒక చిన్న మూత గాలిదారిని కప్పేస్తుంది. మత్తులో ఆ కాపలా పనిచేయదు, కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆపరేషన్‌కు ముందు ఏమీ తినొద్దనేది అందుకే. మత్తు డాక్టరు వచ్చి ఎప్పుడు తిన్నారు, ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఆయాసం ఉందా, బీడీ సిగరెట్ అలవాటుందా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పొద్దున తాగిన కప్పు టీ అయినా సరే, దాచొద్దు.