ఉడుత కోతి నెత్తుటిలో

వైరస్‌ల పాఠంలో హెర్పిస్ వంతు వచ్చినప్పుడల్లా నేను పెదవి మీది పొక్కులతో కాక సౌత్‌బరోతో మొదలుపెట్టేదాన్ని. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉందా ఊరు. హార్వర్డ్ వాళ్ల కోతుల పరిశోధన కేంద్రం 2015లో మూతపడేదాకా అక్కడే నడిచింది.

ఆ కేంద్రంలో లూయిస్ మెలెండెజ్ బృందం దక్షిణ అమెరికా ఉడుత కోతుల మూత్రపిండాల కణాలను పెంచుతుండగా, బయటి నుంచి ఏమీ కలపకుండానే కణాలు చితికిపోయాయి. కారణమైన కొత్త వైరస్ గురించి 1968లో ప్రకటించారు. పేరు హెర్పిస్‌వైరస్ సైమిరి. ఉడుత కోతులకు పసితనంలోనే సోకుతుంది, బతికినంత కాలం ఉంటుంది, ఏ జబ్బూ చెయ్యదు. అదే వైరస్‌ను మార్మోసెట్ కోతులకూ గుడ్లగూబ కోతులకూ ఎక్కిస్తే లింఫోమా అనే క్యాన్సర్ పుట్టింది. మార్మోసెట్లయితే కొద్ది వారాల్లోనే చచ్చిపోయాయి. వాటి చావును ఒక్క వాక్యంలో దాటెయ్యడం నాకెప్పుడూ మనసొప్పలేదు. క్లాసులో అక్కడ కాసేపు ఆగేదాన్ని.

మరి ఉడుత కోతిలో అది ఎక్కడుంటోంది? 1972లో ఫాక్, వుల్ఫ్, డైన్‌హార్ట్ ఆరోగ్యంగా ఉన్న కోతుల రక్తం నుంచే వైరస్‌ను రాబట్టారు. నాలుగేళ్లకు అది టి కణాల్లో ఉందని తేలింది. రోగాన్ని వెతికి పట్టాల్సిన కాపలా కణాలే దానికి నివాసం! నాకు ఇప్పటికీ ఆశ్చర్యం తగ్గలేదు. కణ కేంద్రకంలో వైరస్ డీఎన్ఏ ఉంగరంలా చుట్టుకుని, కోతి క్రోమోజోముల్లో కలవకుండా విడిగా ఉంటుంది. వైరస్ ప్రోటీన్ ఒకటి ఆ ఉంగరాన్ని క్రోమోజోముకు అంటిపెట్టి ఉంచుతుంది. కణం రెండైతే రెండింటికీ ప్రతులు అందుతాయి. మిగతా జన్యువులు దాదాపు అన్నీ మౌనంగా ఉంటాయి కాబట్టి, పట్టుకోవడానికి రోగనిరోధక వ్యవస్థకు ఆనవాలు దొరకదు. అప్పుడప్పుడూ కొన్ని కణాల్లో మేల్కొని, లాలాజలంలోకి చేరి మరో కోతికి అంటుకుంటుంది.

1992లో దీని జన్యుక్రమం మొత్తం వెలువడింది. అందులో కోతి జాతి నుంచి ఎప్పుడో ఎత్తుకొచ్చిన జన్యువులు చాలా కనిపించాయి. 13వ జన్యువు, ఎలుక టి కణాల్లో అప్పుడే దొరికిన ఒక జన్యువును పోలి ఉంది. 1995లో ఆ వైరస్ ప్రోటీన్‌ను పరీక్షించినవాళ్లే దానికి ఇంటర్‌ల్యూకిన్-17 అని పేరు పెట్టారు. అలాంటిదే మన శరీరంలోనూ ఉంది, వాపును రేపే సందేశ ప్రోటీన్ అది. ఇవాళ సోరియాసిస్ రోగికి వేసే సెకుకినుమాబ్ ఇంజెక్షను అడ్డుకునేది ఆ ఇంటర్‌ల్యూకిన్-17నే.