రాళ్లకు పేరుంది, మొక్కలకో?

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అకాడియా నేషనల్ పార్కు ఉంది. అక్కడి గుర్రపుబండి దారుల అంచున వరసగా నిలిపిన గ్రానైట్ బండల్ని జనం ‘రాక్‌ఫెల్లర్ పళ్లు’ అంటారు. 1913-1940 మధ్య ఆ దారుల్ని వేయించినవాడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్. రాయి మాత్రం ఆ దీవిదే.

కొండను తొలిచి దారి వేస్తే గాయం మిగులుతుంది. దాన్ని మాన్పే మొక్కల్ని ఎంచిన మనిషి బియాట్రిక్స్ ఫరాండ్ (1872-1959). సోకు మొక్కల జోలికి పోకుండా, అక్కడి నేలలోనే పుట్టిన స్వీట్‌ఫెర్న్, అడవి గులాబీ, బ్లూబెర్రీ పొదల్ని కోరుకుంది. పూలు తేనెటీగలకు, పళ్లు పిట్టలకు.

1899లో అమెరికన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్‌ను స్థాపించినవారిలో ఏకైక స్త్రీ ఆమే. అయినా తనను ‘ల్యాండ్‌స్కేప్ గార్డెనర్’ అనే చెప్పుకుంది. అది వినయమని సరిపెట్టుకుంటాం. మట్టిలో చెయ్యిపెట్టే పనిని చిన్నబుచ్చనివ్వని పట్టుదలగా నేను దాన్ని చదువుకుంటాను.

ఆమె పని ఎంత బాగా కుదిరిందంటే, అసలెవరూ చెయ్యనట్టే ఉంటుంది. తెల్లారేసరికి ఊడ్చి ఉన్న వాకిలి కూడా అంతే కదా! అడవి తనంతట తానే పెరిగిందనుకుని నడిచిపోతాం. చరిత్ర రాసేవాళ్లు రాళ్ల దగ్గరే ఆగిపోకూడదు. వాటి పక్కన మొలిచిన పొదల్నీ అడగాలి, మిమ్మల్ని ఎంచిందెవరని.