రొయ్య పిల్లకు డీఎన్‌ఏ పరీక్ష

గోదావరి డెల్టాలో చెరువులోకి సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందు పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష చేయించడం ఇవాళ మామూలు సంగతి. ఈ అలవాటు తెల్లమచ్చ వైరస్ నేర్పింది. 1994-95లో అది మన తీరానికి వచ్చేనాటికి ఉప్పుటేర్ల వెంట ఎటు చూసినా టైగర్ రొయ్య చెరువులే. తెగులు సోకిన రొయ్య మేత మానేసి గట్టు వారకు చేరేది. తల పెంకు మీద మచ్చలు కనబడ్డాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు తుడిచిపెట్టుకుపోయేది.

పిల్లలో మచ్చ కనబడదు, తల్లి రొయ్య నుంచి వైరస్ మాత్రం వచ్చి ఉండవచ్చు. దాన్ని ముందే పట్టడానికి పనికొచ్చింది క్యారీ మల్లిస్ 1983లో కనిపెట్టిన పీసీఆర్. స్పిరిట్‌లో వేసి తెచ్చిన పిల్లలను నూరి, డీఎన్‌ఏ తీసి, వైరస్ జన్యువులో ఎంచుకున్న చిన్న ముక్కకు యంత్రంలో కోట్ల నకళ్లు తీస్తారు. జెల్ మీద అతినీలలోహిత కాంతిలో గీత వెలిగిందా, ఆ సీడ్ వద్దు.

చిక్కంతా నమూనాలోనే ఉంది. నూటికి రెండు పిల్లలకు వైరస్ ఉన్న సీడ్‌లో నమూనాకు 15 పిల్లలే తీస్తే, రోగమున్న పిల్ల ఒక్కటైనా చేతికి దొరికే అవకాశం నాలుగో వంతే. 95 శాతం భరోసా కావాలంటే దాదాపు 150 తీయాలి. నెగెటివ్ చీటీ విలువ ఆ లెక్కను బట్టే.

ఇన్ని పిల్లలను పరీక్షించాలని ఒంటరి రైతు హేచరీని గట్టిగా అడగలేడు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా, ఆసియా-పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల కూటమి నాకా 2000లో చేపట్టిన పథకం కింద 2002లో మొగల్తూరులో అయిదుగురు రైతులు కలిశారు. పరీక్షించిన సీడ్‌ను ఉమ్మడిగా కొని, ఒకే సమయంలో వదలడం ఆ పద్ధతి. ఆక్వా క్లబ్బులనే రైతు బృందాలు అలా పెరిగాయి. 2007లో కాకినాడ కేంద్రంగా సుస్థిర ఆక్వాకల్చర్ జాతీయ కేంద్రం నాక్సా ఏర్పడింది. డెల్టాలో పరీక్షను ఆచారంగా నిలబెట్టింది యంత్రం కన్నా ఈ కట్టుబాటే.

2009లో వనామీ అనే రొయ్య రకం సాగుకు అనుమతి వచ్చింది. తర్వాత ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి బెడద మొదలైంది. దీనికి మచ్చలుండవు, రొయ్య ఎదగదు, మేత ఖర్చు మాత్రం ఆగదు. తెల్లమచ్చ వైరస్ కోసం చేసిన పీసీఆర్‌లో ఇది దొరకదు, వెతకాల్సిన జన్యు ముక్కను గుర్తుపట్టే ప్రైమర్లు దీనికి వేరేవి కావాలి.

2014లో పరిశోధకుల చేతికి వచ్చిన మినయాన్ అనే డీఎన్‌ఏ సీక్వెన్సర్‌కు ఈ పరిమితి లేదు. వంద గ్రాములైనా తూగదు, ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే చాలు. సన్నని రంధ్రం గుండా డీఎన్‌ఏ పోగు జారుతుంటే విద్యుత్ ప్రవాహంలో వచ్చే మార్పును బట్టి అక్షరాలు చదువుతుంది. ఫలానా రోగం అని ముందే అడగనక్కర్లేదు. కాకపోతే నమూనాలో అధికభాగం రొయ్య డీఎన్‌ఏనే కాబట్టి, రోగక్రిమి తక్కువగా ఉంటే చాలాసేపు చదివించాలి. ఆ రంధ్రాలుండే ఫ్లో సెల్‌ను ఫ్రిజ్‌లో దాచుకోవాలి. పిల్లలను లెక్కప్రకారం తీయడం ఇక్కడా తప్పదు.