యుద్ధానంతరం బస్సెక్కినదెవరు?

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి యేడు, 1946లో, అమెరికా ప్రజారవాణాలో ప్రయాణాల సంఖ్య 2,300 కోట్లు దాటింది. ఆ దేశంలో అదే శిఖరం. పెట్రోలు రేషను పోయి, కార్ల కర్మాగారాలు మళ్ళీ నడవగానే జనం బస్సు దిగి సొంత కారెక్కారు. 1960 నాటికి ఆ సంఖ్య సగానికన్నా తగ్గింది.

ఈ కథను హైదరాబాదుకు అతికించలేం. ఇక్కడ కారు నవాబుల, జాగీర్దార్ల సొత్తు. సామాన్యుడు బస్సు దిగిపోవాలంటే ముందు ఎక్కి వుండాలి గదా!

నిజాం రాజ్య రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించింది. భారతదేశంలో బస్సులను ప్రభుత్వమే నడపడానికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటని మనం గర్వంగా చెప్పుకుంటాం. కాని ఆ ప్రభుత్వం ఎవరిది? ప్రజలకు జవాబు చెప్పనవసరంలేని రాజుది. సర్కారు బస్సు, ప్రజల బస్సు ఒకటి కావు. ఈ తేడాను విస్మరిస్తే చరిత్ర రాజస్తుతిగా మారుతుంది.

పైగా యుద్ధానంతరమంటే మనకు శాంతికాలం కాదు. తెలంగాణ రైతాంగ పోరాటం, రజాకార్ల దౌర్జన్యాలు, 1948 సెప్టెంబరు సైనిక చర్య - ఇవన్నీ ఆ యేళ్ళలోనే జరిగాయి. 1951లో బస్సులు రైల్వేనుంచి విడివడి హైదరాబాదు ప్రభుత్వం చేతికొచ్చాయి. 1952లో వయోజన ఓటుతో శాసనసభ ఏర్పడిన తరువాతనే బస్సు గురించి పాలకుణ్ణి నిలదీసే హక్కు ప్రయాణికుడికి దక్కింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ పుట్టింది.

పంజాగుట్ట, అమీర్‌పేటలు ఆనాడు నగరానికి పొలిమేరలు. ఆ దారికి జనాన్ని తెచ్చింది శ్రమ. యుద్ధకాలంలో, 1942లో, స్థాపితమైన ఆల్విన్ కర్మాగారం సనత్‌నగర్ వైపు ఎదిగింది. బస్సుల బాడీలు కట్టింది కూడా అక్కడి కార్మికులే. తర్వాత అమీర్‌పేటలో సారథి స్టూడియో, పంజాగుట్టలో నిజాం ఆస్పత్రి వెలిశాయి. కార్మికుడు, రోగి, చిరుద్యోగి - ఈ రోడ్డు ప్రయాణికులు వీళ్ళు. విలాసం కోసం కాదు, బతుకు కోసం బస్సెక్కినవాళ్ళు.

2017లో అమీర్‌పేటకు మెట్రో వచ్చింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలైంది. టికెట్ల లెక్క ఎక్కినవాళ్ళనే చెబుతుంది. చార్జీ లేక నడిచిపోయినవాళ్ళు అందులో వుండరు. వాళ్ళను కూడా లెక్కించినప్పుడే ప్రజారవాణా చరిత్ర ప్రజల చరిత్రవుతుంది.