తొలి వలసలో గాడ్‌విట్ పిల్ల

బార్-టెయిల్డ్ గాడ్‌విట్ పొడవాటి ముక్కుతో తీరపు బురదలో పురుగులను, చిన్న నత్తలను ఏరుకుతినే పక్షి. అలాస్కాలో పొదిగే గాడ్‌విట్లు ఏటా చలికాలానికి ముందే పసిఫిక్ మహాసముద్రాన్ని ఒక్క ఊపున దాటి న్యూజిలాండ్, తూర్పు ఆస్ట్రేలియా తీరాలకు చేరతాయి. 2007లో ఈ7 అనే పెద్ద ఆడపక్షి ఇలా 11,680 కిలోమీటర్లు ఎగిరింది. 2022 అక్టోబరు 13న అలాస్కా విడిచిన, ఉపగ్రహ ట్యాగ్ నం. 234684 మోస్తున్న పక్షి దాన్నీ మించిపోయింది. 11 రోజుల 1 గంటలో 13,560 కిలోమీటర్లు ప్రయాణించి టాస్మేనియాలోని ఆన్సన్స్ బే దగ్గర దిగింది. దాని వయసు సుమారు ఐదు నెలలే. ఇలాంటి పిల్ల తలలో పుట్టుకతోనే సముద్రపటం ఉంటుందని తేలిగ్గా అనేస్తుంటారు. ఆధారాలు చెప్పేది అంతకంటే తక్కువ: అది వెంట తెచ్చుకునేది ఒక దిక్కు, ఒక వేళ, ప్రయాణానికి తయారయ్యే ఒళ్లు.

ఒంటి సంగతి అన్నిటికన్నా స్పష్టం. వలస మొదలుపెడుతూనే అలాస్కాలో ఒక రాడార్ గుమ్మటానికి ఢీకొని చనిపోయిన గాడ్‌విట్ పిల్లలను కోసి చూసిన ట్యూనిస్ పియర్స్మా, రాబర్ట్ గిల్ 1998లో ఫలితాలు ప్రచురించారు. బరువులో సగానికి పైగా, దాదాపు 55 శాతం, కొవ్వే. కందనకాయ, కాలేయం, మూత్రపిండాలు, పేగులు మాత్రం బాగా చిన్నవి. దారిలో తిండి దొరకదు గనక అరిగించే అవయవాలు వట్టి బరువే. ఇంతటి సన్నాహం పెద్దలను చూసి నేర్చుకునేది కాదు.

పెద్దల వెంట పడి పోతుందేమో అనే అభ్యంతరం సహేతుకమే, గాడ్‌విట్లు గుంపులుగానే ఎగురుతాయి. పక్కన ఎవరున్నారో ట్యాగ్ చెప్పదు. కానీ పెద్దల్లో ఎక్కువ భాగం పిల్లలకంటే ముందే వెళ్లిపోతాయి. ఇక పెర్డెక్ 1958లో ప్రచురించిన ప్రయోగం ఉంది: నెదర్లాండ్స్‌లో పట్టిన స్టార్లింగ్ పిట్టలను స్విట్జర్లాండ్‌లో వదిలితే, పెద్దవి దారి సరిచేసుకుని అలవాటైన చోటికే మళ్లాయి; పిల్లలు అదే నైరుతి దిక్కు పట్టుకుని దక్షిణ ఫ్రాన్స్, స్పెయిన్ వైపు పోయాయి. స్టార్లింగ్ గాడ్‌విట్ కాదు, నిజమే. అయినా దిక్కు వేరు, గమ్యం ఎరుక వేరు అన్న తేడాను ఇంత సూటిగా చూపిన ఆధారాలు అరుదు. గాడ్‌విట్‌కు తోడు గాలి కూడా ఉంది: అల్యూషన్ దీవుల దగ్గరి అల్పపీడనాల వెనుక వీచే ఉత్తరపు గాలి చూసుకునే ఇవి బయలుదేరతాయి. గాలి మళ్లించినప్పుడు సరిదిద్దుకునే నేర్పు పిల్లకు ఎంత ఉంటుందన్నదే అసలు చిక్కు. తోటి పక్షులు ఎక్కువగా చేరే తీరాలను దాటి టాస్మేనియా దాకా పోవడం వల్లే ఆ రికార్డు దూరం అంత పెరిగి ఉండవచ్చు.