ఆంగ్లమున నిరాక్షేపవాచక విశేషణములు

పదుగురికి సమ్మతమై, యెవరి మనస్సును నొప్పింపని వస్తువును జెప్పుటకు ఆంగ్లభాషయందు విశేషణములు పెక్కు గలవు. డీసెంటు, ప్రాపరు, నైసు, యాక్సెప్టబులు, ఇనఫెన్సివు, ఇన్నాక్యువసు అనునవి వానిలో ముఖ్యములు. పాఠశాలలలో వీని కన్నింటికి ‘మంచిది’ యనియో ‘తగినది’ యనియో యర్థము చెప్పి విడుచుట వాడుక. కాని వీని వ్యుత్పత్తిని, చరిత్రను పరిశీలించినచో నీ పదములన్నియు నొక ప్రశ్నను గర్భమున దాచుకొన్నవని తేలును. ఆ ప్రశ్న ‘ఎవరికి?’ యనునది.

ఈ పదములు రెండు తెగలు. మొదటిది విధిముఖమున గుణమును జెప్పునది. ‘తగియుండు’ నను నర్థముగల లాటిను ధాతువునుండి శత్రంతమువంటి రూపముగా డీసెంటు పుట్టినది. ప్రాపరు శబ్దమునకు మూలమగు ప్రోప్రియుస్ అనగా ‘తనదైనది’. సంస్కృతమున స్వీయశబ్దము వంటిది. యాక్సెప్టబులు అనగా గ్రహింపదగినది. అందలి ప్రత్యయము మన అనీయర్ ప్రత్యయమునకు సమానార్థకము. రెండవ తెగ నిషేధముఖమున జెప్పునది. ఇన్నాక్యువసు నందు ‘హానిచేయు’ నను ధాతువునకును, ఇనఫెన్సివు నందు ‘తాకి కొట్టు’ నను ధాతువునకును ముందు నఞర్థకమగు ‘ఇన్’ చేరినది. ఈ తెగ పదములు దోషాభావమును మాత్రమే చెప్పును, గుణసద్భావమును జెప్పవు. ఒక కావ్యమును ఇన్నాక్యువసు అన్న విమర్శకుడు దానిని మెచ్చినవాడు కాడు.

నైసు శబ్దచరిత్ర మిక్కిలి విచిత్రము. దాని లాటిను మూలమున కర్థము ‘ఎరుగనివాడు’. పాత ఫ్రెంచి భాషద్వారా 1300 ప్రాంతమున ఆంగ్లమున బ్రవేశించినపు డది మూఢుని జెప్పుచుండెను. తరువాత సుకుమారము, నిష్కృష్టము, సూక్ష్మము అను నర్థములు పొంది, 18వ శతాబ్ది యుత్తరార్ధమున ‘ఇంపైనది’ యను నర్థమున స్థిరపడెను. సూక్ష్మార్థము ‘నైసు భేదము’ అను పండితప్రయోగమున నేటికిని నిలిచియున్నది. 1817 చివర వెలువడిన జేన్ ఆస్టిన్ నవల నార్తాంగర్ ఆబీలో హెన్రీ టిల్నీ యను పాత్ర, యీ యొక్క పదమును సర్వవస్తువులకును వాడుటను బరిహసించును. ప్రయోగము విస్తరించిన కొలది యర్థము పలుచబడుట శబ్దస్వభావము.

ఇక ‘ఎవరికి’ యను ప్రశ్న. రుచ్యర్థక ధాతువుల యోగమున బ్రీతినొందువానికి బాణిని సంప్రదానసంజ్ఞను విధించెను. క్రోధాద్యర్థక ధాతువుల యోగమున నెవనిపై గోపమో వానికిని నదే సంజ్ఞ. తెలుగునను ‘నాకు నచ్చెను’, ‘వానికి నొచ్చెను’ అనియే వాడుక. నచ్చుటకుగాని నొచ్చుటకుగాని యొక మనుష్యు డాశ్రయముగా నుండవలెను. క్రియయందు స్పష్టముగా నుండు నీ సంప్రదానము విశేషణమున లోపించును. ‘ఇది తగినది’ యన్నపుడు తగవు వస్తువునందే సహజముగా నున్నట్లు భ్రాంతి కలుగును. ఆకాంక్ష మాత్రము తీరక మిగులును.

ఆ యాకాంక్షను దీర్చుటకు ఆంగ్లదేశమున జరిగిన యత్నములే యీ పదముల చరిత్ర. 1807లో బౌడ్లరు కుటుంబమువారు, 1818లో దామస్ బౌడ్లరు పేరను, షేక్‌స్పియరు నాటకములను కుటుంబమున బిగ్గరగా జదువ దగునట్లు పరిష్కరించి ప్రకటించిరి. అనుచితములని తోచిన మాటలు తొలగింపబడెను. వారి దృష్టిలో సంప్రదానము గృహమందలి శ్రోతృసమూహము. 1857లో అశ్లీలగ్రంథశాసనము వచ్చెను. 1868లో హిక్లిన్ అభియోగమున బ్రధానన్యాయమూర్తి కాక్‌బర్న్, గ్రంథ మెవరి చేత బడవచ్చునో వారిలో దుష్ప్రభావమునకు లోబడు మనస్సుగలవారిని జెరచు స్వభావము దానికి గలదా యని చూడవలెనని నిర్ణయించెను. ఇట్లు రసజ్ఞుడు తొలగి, దుర్బలుడు సంప్రదానమయ్యెను.

ఈ నిర్ణయముయొక్క ఫలము తెలుగుకావ్యమునకును దగిలినది. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము 18వ శతాబ్దిలో రాజసభకు సమ్మతమైనది. కందుకూరి వీరేశలింగముగారు దానిని ఆంధ్రకవుల చరిత్రమున నాక్షేపించిరి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో సమగ్రముగా బరిష్కరించి ముద్రింపించి, యీ మర్యాద స్త్రీలకు మాత్రమే గాని పురుషకవులకు లేదా యని పీఠికయందు బ్రశ్నించెను. ‘ఎవరికి’ యను ప్రశ్ననే యామె మఱియొక తీరున నడిగినది. ప్రభుత్వము దానిని నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు రాష్ట్రమున ప్రధానిగా నున్న కాలమున నా నిషేధము తొలగినది.

మన యాలంకారికులు వ్రీడ, జుగుప్స, అమంగళము అను మూటిని వ్యంజించు నశ్లీలమును దోషముగా బరిగణించిరి. కాని యది యనిత్యదోషము. వక్తృ, శ్రోతృ, ప్రకరణభేదమునుబట్టి గుణము గూడ గాగలదని మమ్మటాదులు చెప్పిరి. వారు సంప్రదానమును విడువలేదు.

1950లో నమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగమున 19వ యధికరణమందు డీసెన్సీ శబ్దము వాక్స్వాతంత్ర్యమునకు మితిగా జేరినది. 1964లో సర్వోన్నతన్యాయస్థానము హిక్లిన్ పరీక్షను గ్రహించెను; 2014లో దానిని విడిచి, సమకాలిక సమాజమానము ననుసరించి సామాన్యుని దృష్టితో జూడవలెనని చెప్పెను. సంప్రదానము మరల మారినది. పద మొక్కటే, తీర్పు వేరు.

కావున నీ పదములకు దెలుగున నర్థము వ్రాయు నిఘంటుకారుడు ‘తగినది’ యని విడువక, ‘ఒకరికి తగినది’ యని చతుర్థిని జేర్చుట యుచితము. ఆ విభక్తి లోపించినందుననే యొక కావ్యము పాఠకులకు దూరమై యుండెను.